బూన్సాక్ పొన్సానా కెరీర్: తరచుగా అడిగే ప్రశ్నలు

బూన్సాక్ పొన్సానా ఎవరు?

థాయ్‌లాండ్ బ్యాడ్మింటన్ పురుషుల సింగిల్స్ ఆటగాడు. 1982 ఫిబ్రవరి 22న పుట్టాడు. ఐదు ఒలింపిక్స్ ఆడాడు, అందులో ఒకసారి సెమీఫైనల్ దాకా వెళ్లాడు. సింగపూర్ ఓపెన్ సూపర్ సిరీస్ (అప్పట్లో ప్రపంచంలోని పెద్దవాళ్లంతా ఆడే టోర్నీల్లో ఒకటి) రెండుసార్లు గెలిచాడు. థాయ్‌లాండ్ ఓపెన్, ఇండియా ఓపెన్ కూడా ఒక్కోసారి గెలిచాడు. థాయ్ పత్రికలు అతన్ని ముద్దుగా "సూపర్‌మ్యాన్" అని రాసేవి. ఇప్పుడు రిటైరయ్యాడు.

ఈ తరం అభిమానులకు థాయ్ బ్యాడ్మింటన్ అంటే రచనోక్ ఇంతనోన్, కున్లావుత్ వితిద్‌సార్న్ గుర్తొస్తారు. వాళ్ల పేర్లు ఎవరికీ తెలియని రోజుల్లో, పెద్ద టోర్నీ డ్రాలో చైనా, ఇండోనేషియా, మలేషియా, డెన్మార్క్ పేర్ల మధ్య థాయ్‌లాండ్ తరఫున క్రమం తప్పకుండా కనిపించిన పేరు బూన్సాక్‌ది.

తెలుగువాళ్లకు ఈ పేరు ఎక్కడో విన్నట్టు ఎందుకు ఉంటుంది?

2013 థాయ్‌లాండ్ ఓపెన్ వల్ల. మన కిడాంబి శ్రీకాంత్ మొదటిసారి గ్రాండ్ ప్రి గోల్డ్ (సూపర్ సిరీస్ కంటే ఒక మెట్టు కింది స్థాయి) టైటిల్ గెలిచింది అప్పుడే, ఫైనల్లో ఓడించింది బూన్సాక్‌నే. మర్నాడు తెలుగు పత్రికల స్పోర్ట్స్ పేజీల్లో శ్రీకాంత్ ఫొటో కింద ఓడిపోయిన ఆటగాడిగా ఈ పేరు వచ్చింది. చాలామందికి అతని గురించి తెలిసింది అంతవరకే. కానీ అది అతని కథలో ఒక ఆదివారం మాత్రమే. అంతకు ఐదేళ్ల ముందే అతను హైదరాబాద్ వచ్చి టైటిల్ కొట్టుకెళ్లాడు. దాని గురించి కింద విడిగా ఉంది.

ఐదు ఒలింపిక్స్ ఆడాడంటే నిజమేనా?

నిజమే. 2000 సిడ్నీ, 2004 ఏథెన్స్, 2008 బీజింగ్, 2012 లండన్, 2016 రియో. సిడ్నీకి వెళ్లేటప్పటికి 18 ఏళ్లు, రియో నాటికి 34.

ఇది ఎంత పెద్ద విషయమో తెలియాలంటే మిగతావాళ్లతో పోల్చాలి. చైనా దిగ్గజం లిన్ డాన్ ఆడినవి నాలుగు. మలేషియా స్టార్ లీ చాంగ్ వీ నాలుగు. ఇండోనేషియాకు చెందిన తౌఫిక్ హిదాయత్, డెన్మార్క్‌కు చెందిన పీటర్ గేడ్ కూడా నాలుగే. పురుషుల సింగిల్స్‌లో 16 ఏళ్ల పాటు ప్రతి నాలుగేళ్లకోసారి క్వాలిఫై అవడం అంటే మాటలు కాదు. మోకాళ్లు, భుజం, నడుము అన్నీ సహకరించాలి, ర్యాంకింగ్ పడిపోకూడదు. పైగా స్వదేశంలో వెనక నుంచి తరుముకొస్తున్న కుర్రాళ్లను కూడా ఆపుకోవాలి.

ఏథెన్స్‌లో ఏం జరిగింది? పతకం ఎలా చేజారింది?

కెరీర్ మొత్తంలో ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, కాబట్టి కాస్త వివరంగా.

2004 ఏథెన్స్ పురుషుల సింగిల్స్ మొదటి రౌండ్‌లోనే తలకిందులైంది. టాప్ సీడ్ లిన్ డాన్‌ను సింగపూర్ ఆటగాడు రోనాల్డ్ సుసిలో ఇంటికి పంపేశాడు. ఆ సుసిలో క్వార్టర్ ఫైనల్ దాకా వచ్చాడు. అక్కడ అతన్ని ఆపింది బూన్సాక్. అలా 22 ఏళ్ల వయసులో ఒలింపిక్ సెమీఫైనల్ చేరాడు.

సెమీస్‌లో ఎదురైంది తౌఫిక్ హిదాయత్. ఆ వారం తౌఫిక్ ఏది ముట్టుకున్నా బంగారమే. 15-9, 15-2తో మ్యాచ్ ముగిసింది. స్వర్ణం కూడా తౌఫిక్‌కే దక్కింది, రజతం కొరియాకు చెందిన షాన్ సియుంగ్ మోకు. ఇక మిగిలింది కాంస్య పోరు. ప్రత్యర్థి మరో ఇండోనేషియా ఆటగాడు సోనీ ద్వి కున్‌కోరో.

మొదటి గేమ్ 15-11తో సోనీది. రెండో గేమ్ 17-16తో మళ్లీ సోనీదే. కాంస్యం అలా పోయింది. బూన్సాక్‌కు మిగిలింది నాలుగో స్థానం. ఒలింపిక్స్‌లో దానికి పోడియం ఉండదు.

17-16 ఏంటి? అప్పట్లో గేమ్ 15 పాయింట్లకు కదా?

అవును, పురుషుల గేమ్ 15కే. అయితే 14-14 అయినప్పుడు ఆటను 17 దాకా పొడిగించుకునే వీలుండేది. ఈ గేమ్ అలాగే సాగింది.

ఆ పాత పద్ధతిలో సర్వీస్ చేసేవాడికే పాయింట్ వచ్చేది. సర్వీస్ అందుకునేవాడు ర్యాలీ గెలిస్తే పాయింట్ రాదు, సర్వీస్ మాత్రం చేతికొస్తుంది. ఇది గుర్తు పెట్టుకుని ఆ 17-16ను మళ్లీ చూడండి. బూన్సాక్ ఖాతాలో 16 ఉన్నాయంటే, పదహారో పాయింట్ అతను తన సర్వీస్ మీదే గెలిచాడు. అంటే ఆ వెంటనే చేసిన సర్వీస్ గేమ్ పాయింట్. ఆ ఒక్క ర్యాలీ నెగ్గితే మ్యాచ్ మూడో గేమ్‌కు వెళ్లేది. వెళ్లలేదు, సర్వీస్ సోనీకి పోయింది. చివరికి 16-16 దగ్గర సోనీ సర్వీస్ చేస్తున్నప్పుడు బూన్సాక్ పరిస్థితి ఇంకా ఇరకాటం: తను ర్యాలీ గెలిచినా గేమ్ రాదు, సర్వీస్ వస్తుందంతే. ఓడితే మాత్రం అన్నీ అయిపోయినట్టే. ఓడాడు.

ఇప్పటి 21 పాయింట్ల పద్ధతి 2006లో వచ్చింది. ఇందులో ఎవరు సర్వీస్ చేసినా ర్యాలీ గెలిచినవాడికే పాయింట్. బూన్సాక్ రెండు పద్ధతుల్లోనూ పై స్థాయిలో ఆడాడు. పాత పద్ధతికి అలవాటుపడిన చాలామంది కొత్తదానికి సర్దుకోలేక తేలిపోయిన రోజుల్లో, అతని పెద్ద టైటిల్స్ ఎక్కువగా 2006 తర్వాతే వచ్చాయి. ఈ సంగతి ఎవరూ అంతగా పట్టించుకోరు.

ఇంకో మాట. తౌఫిక్ చేతిలో 15-2 చూసి "మరీ ఇంత ఘోరమా" అనుకోకండి. ఆ గేమ్‌లో జరిగింది 17 ర్యాలీలే అనుకుంటే పొరపాటు. సర్వీస్ అటూ ఇటూ మారిన ర్యాలీలు స్కోరుబోర్డు మీద కనిపించవు.

నాలుగో స్థానానికి అంత విలువేంటి?

ఒలింపిక్ బ్యాడ్మింటన్‌లో థాయ్‌లాండ్‌కు పతకం రావడానికి 2024 దాకా ఆగాల్సి వచ్చింది. పారిస్‌లో కున్లావుత్ ఫైనల్ చేరి, విక్టర్ అక్సెల్సెన్ చేతిలో ఓడి రజతం తెచ్చాడు. అంటే 20 ఏళ్ల పాటు థాయ్ బ్యాడ్మింటన్‌కు ఒలింపిక్స్‌లో కొలమానం బూన్సాక్ ఏథెన్స్ సెమీఫైనలే. ప్రపంచ చాంపియన్ రచనోక్ కూడా ఒలింపిక్స్‌లో ఆ మెట్టు ఎక్కలేకపోయింది.

సింగపూర్ ఓపెన్‌తో అతనికున్న అనుబంధం ఏంటి?

విచిత్రమైన అనుబంధమే. 2007 నుంచి 2013 మధ్య ఐదు ఫైనల్స్ ఆడాడు అక్కడ. రెండు గెలిచాడు, మూడు ఓడాడు.

2007లో సూపర్ సిరీస్ అప్పుడే మొదలైంది. ఏడాదికి 12 టోర్నీలు, ప్రపంచంలోని పెద్దవాళ్లంతా ఆడేవి. చైనా ఆటగాళ్లు వరసబెట్టి కప్పులు ఎత్తుకుపోతున్న కాలం. సింగపూర్ ఫైనల్లోనూ అవతల చైనా ఆటగాడే, చెన్ యు. బూన్సాక్ 21-17, 21-14తో గెలిచేశాడు.

2009లో మళ్లీ ఫైనల్. ఈసారి బావో చున్‌లాయ్ మూడు గేముల్లో గట్టెక్కాడు. 2010లో ఇంకో ఫైనల్, ఎదురుగా ఎవరనుకున్నారు? ఏథెన్స్‌లో కాంస్యం లాక్కున్న సోనీయే. 21-16, 21-16. మళ్లీ సోనీదే పైచేయి.

అప్పటికి 28 ఏళ్లు. "ఇక అయిపోయింది" అని రాసేవాళ్లు రాశారు. 2012లో 30 ఏళ్ల వయసులో మళ్లీ అదే టోర్నీ ఫైనల్‌కు వచ్చి, చైనా కుర్రాడు వాంగ్ జెంగ్‌మింగ్‌ను 21-18, 21-19తో ఓడించాడు. నా దృష్టిలో ఇది 2007 విజయం కంటే గొప్పది. ఐదేళ్ల తేడాతో, అదీ 30 దాటాక, అదే టైటిల్ మళ్లీ గెలవడం పురుషుల సింగిల్స్‌లో చాలా అరుదు.

2013లో చివరి సింగపూర్ ఫైనల్. టామీ సుగియార్తోతో. టామీ ఎవరో కాదు, 1983 ప్రపంచ చాంపియన్ ఇకుక్ సుగియార్తో కొడుకు. మొదటి గేమ్ 22-20తో బూన్సాక్‌ది. రెండో గేమ్‌లో 5 పాయింట్లే వచ్చాయి. మూడోది 21-17తో టామీ లాగేశాడు. మొదటి గేమ్‌లో కష్టపడ్డాక రెండో గేమ్‌ను వదిలేసి మూడోదానికి ఓపిక దాచుకోవడం సింగిల్స్ ఆటగాళ్లు చేసే పనే. 31 ఏళ్ల శరీరంతో ఆ లెక్క దాదాపు కుదిరింది, పూర్తిగా కుదరలేదు.

సూపర్ సిరీస్ ఇప్పుడు లేదు కదా. ఇప్పటి లెక్కలో ఏ స్థాయి?

2018 నుంచి దాని స్థానంలో వరల్డ్ టూర్ వచ్చింది: సూపర్ 1000, 750, 500, 300. సింగపూర్ ఓపెన్ ఇప్పుడు సూపర్ 750. గ్రాండ్ ప్రి గోల్డ్ అనేది సూపర్ సిరీస్ కంటే ఒక మెట్టు కింద ఉండేది.

హైదరాబాద్‌లో గెలిచింది ఎప్పుడు?

2008లో. ఇండియా ఓపెన్ అంటే ఇప్పుడు అందరికీ ఢిల్లీ గుర్తొస్తుంది గానీ, గ్రాండ్ ప్రి గోల్డ్‌గా అది మొదలైన ఏళ్లలో జరిగింది హైదరాబాద్‌లోనే. 2008లో పురుషుల సింగిల్స్ విజేత బూన్సాక్, 2009లో తౌఫిక్. అదే 2009లో ప్రపంచ చాంపియన్‌షిప్ కూడా గచ్చిబౌలిలోనే జరగడంతో, ఆ రెండేళ్లూ హైదరాబాదీ అభిమానులకు పండగే. టీవీలో మాత్రమే చూసినవాళ్లను కోర్టు పక్కన కూర్చుని చూశారు.

ఆ తర్వాత టోర్నీ ఢిల్లీకి వెళ్లింది, స్థాయి పెరిగింది, లీ చాంగ్ వీ మూడుసార్లు గెలిచాడు. భారతీయుడి పేరు పురుషుల సింగిల్స్ విజేతల జాబితాలో చేరింది 2015లో. ఆ పేరు కిడాంబి శ్రీకాంత్. బ్యాంకాక్ వెళ్లి బూన్సాక్ ఇంటి టైటిల్ పట్టుకొచ్చిన శ్రీకాంతే, బూన్సాక్ మన ఊరొచ్చి గెలుచుకెళ్లిన టైటిల్‌ను కూడా ఢిల్లీలో అందుకున్నాడు.

2013 బ్యాంకాక్ ఫైనల్ గురించి చెప్పండి. శ్రీకాంత్ అంత తేలిగ్గా ఎలా గెలిచాడు?

స్కోరు 21-16, 21-12. చూడ్డానికి ఏకపక్షమే. ఫైనల్ ముందు మాత్రం అలా ఎవరూ అనుకోలేదు. బూన్సాక్ ప్రపంచ ర్యాంకింగ్స్‌లో మొదటి పదిలో ఉన్నాడు, సొంతగడ్డ, స్టేడియం నిండా అతని అభిమానులే. శ్రీకాంత్‌కు 20 ఏళ్లు. గోపీచంద్ అకాడమీ నుంచి వచ్చిన గుంటూరు కుర్రాడు అన్నంతవరకే బయటివాళ్లకు తెలుసు. ర్యాంకు కూడా చెప్పుకోదగ్గది కాదు.

శ్రీకాంత్ బలం ఏంటంటే వేగం. ప్రత్యర్థి నెమ్మదిగా ఆట కట్టుకుందాం అనుకునేలోపే స్మాష్, ఆ వెంటనే నెట్ మీదకు పరుగు. బూన్సాక్ ఆట ఇందుకు పూర్తిగా భిన్నం. అతనికి ఆలోచించడానికి ఒక్క క్షణం దొరకాలి, ఆ క్షణంలోనే ప్రత్యర్థిని ఏమార్చేవాడు. శ్రీకాంత్ ఆ క్షణం ఇవ్వలేదు. ఇదీ నాకు అర్థమైన లెక్క.

చాలామందికి తెలియని విషయం ఇంకోటుంది. ఆ ఫైనల్ ఓడిన రెండు వారాలకే బూన్సాక్ సింగపూర్ ఫైనల్ ఆడాడు, టామీతో. అంటే శ్రీకాంత్ ఓడించింది చేవ చచ్చిన ఆటగాణ్ని కాదు. మంచి ఫామ్‌లో ఉన్న ఆటగాణ్నే. "ముసలాణ్ని ఓడించాడులే" అని అప్పట్లో తేలిగ్గా మాట్లాడినవాళ్లకు ఆ సింగపూర్ ఫైనలే జవాబు. శ్రీకాంత్ గెలుపు విలువ దానివల్ల ఇంకా పెరిగింది.

సొంతగడ్డపై ఒక్కసారీ గెలవలేదా?

గెలిచాడు. 2004 థాయ్‌లాండ్ ఓపెన్ అతనిదే. ఆ ఏడాదే ఏథెన్స్ సెమీస్ కూడా, కాబట్టి 2004 అతని కెరీర్‌కు మలుపు. 2008లో మళ్లీ ఫైనల్ చేరాడు, లిన్ డాన్‌తో. మొదటి గేమ్ గెలిచి స్టేడియాన్ని హోరెత్తించాడు. తర్వాతి రెండూ లిన్ డాన్ తీసుకున్నాడు. 2013 సంగతి పైన చెప్పుకున్నాం.

పురుషుల సింగిల్స్‌లో థాయ్ ఆటగాడు మళ్లీ ఆ టైటిల్ గెలవడానికి 12 ఏళ్లు పట్టింది. 2016లో తనోంగ్సాక్ సేన్‌సోంబూన్‌సుక్ గెలిచాడు. ఆ మరుసటి ఏడాదే అది మళ్లీ తెలుగువాడి చేతికి వచ్చింది, ఈసారి సాయి ప్రణీత్.

ఆట ఎలా ఉండేది?

కళ్లకు ఇంపుగా ఉండేది. కోచ్‌కు మాత్రం టెన్షన్ పెట్టేది.

నెట్ దగ్గర అతని చేతిని గమనించండి. షటిల్ మీదకు రాకెట్ తీసుకెళ్లి, కొట్టకుండా అర క్షణం అలాగే ఆపేవాడు. చిన్న డ్రాప్ పడుతుందని ప్రత్యర్థి ముందుకు వంగుతాడు, మడమ లేస్తుంది. అప్పుడు మణికట్టు మాత్రమే కదిలి షటిల్ అతని తల మీదుగా వెనక గీత దగ్గరకు వెళ్లిపోతుంది. ప్రత్యర్థి ఒకసారి మోసపోయాక రెండోసారి ముందుకు రావడానికి జంకుతాడు, అప్పుడు నిజంగానే డ్రాప్ వేసేవాడు. వెనక కోర్టు నుంచి ఎగిరి కొట్టే స్మాష్ కూడా ఉండేది, కానీ జనం డబ్బులిచ్చి చూడ్డానికి వచ్చింది నెట్ దగ్గర ఆ చేతి నైపుణ్యం కోసమే.

ఇబ్బంది ఎక్కడంటే నిలకడలో. ఒక రోజు ప్రపంచంలో ఎవరినైనా ఓడించేలా ఆడేవాడు, మర్నాడు పేరు తెలియని ఆటగాడి చేతిలో తడబడేవాడు. ఒకే మ్యాచ్‌లో 22-20, 5-21 స్కోర్లు పక్కపక్కనే కనిపించడం అతని విషయంలో ఎవరినీ పెద్దగా ఆశ్చర్యపరచలేదు.

ప్రపంచ చాంపియన్‌షిప్‌లో పతకం ఉందా?

లేదు. ఒలింపిక్ పతకం లేదు, ప్రపంచ చాంపియన్‌షిప్ పతకమూ లేదు. అతన్ని "చాంపియన్" అనొచ్చా అని వాదించేవాళ్లు ఇదే పట్టుకుంటారు.

దీనికి కాలం కూడా కారణమే. అతని మంచి ఏళ్లన్నీ లిన్ డాన్, లీ చాంగ్ వీ, తౌఫిక్, గేడ్ ఒకేసారి ఆడుతున్న ఏళ్లు. లిన్ డాన్ ఒక్కడే 2006 నుంచి 2013 మధ్య ఐదు ప్రపంచ టైటిల్స్, రెండు ఒలింపిక్ స్వర్ణాలు తీసుకెళ్లాడు. మూడు ఒలింపిక్ రజతాలు గెలిచిన లీ చాంగ్ వీకే స్వర్ణం అందలేదంటే మిగతావాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. అయితే దురదృష్టం అని మొత్తం కాలం మీదకే నెట్టేయడం కూడా సరికాదు. అదే కాలంలో సోనీ, చెన్ జిన్, పార్క్ సుంగ్ హ్వాన్ లాంటివాళ్లు పెద్ద వేదికల మీద పతకాలు తెచ్చుకున్నారు. బూన్సాక్‌కు చేత కాక కాదు, వారం పొడుగునా ఒకే స్థాయిలో ఆడటం కుదరక.

టీమ్ ఈవెంట్లలో ఏమైనా సాధించాడా?

2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో థాయ్ పురుషుల జట్టుకు కాంస్యం వచ్చింది. ఆ తరంలో జట్టుకు మొదటి సింగిల్స్ అంటే బూన్సాకే. అంటే ప్రతి పోటీలో అవతలి దేశపు నంబర్ వన్‌తో ఆడాల్సింది అతనే.

సలక్‌జిత్ పొన్సానా అతనికి ఏమవుతుంది?

చెల్లెలు. ఆమె కూడా అంతర్జాతీయ సింగిల్స్ ఆటగత్తె. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అన్నాచెల్లెళ్లిద్దరూ థాయ్‌లాండ్ తరఫున ఆడారు.

రచనోక్, కున్లావుత్‌లతో పోలిస్తే ఎక్కడ ఉంటాడు?

టైటిల్స్ లెక్కేస్తే వాళ్ల వెనకే. రచనోక్ 2013లో 18 ఏళ్లకే ప్రపంచ చాంపియన్ అయింది. కున్లావుత్ 2023లో ప్రపంచ చాంపియన్, 2024లో ఒలింపిక్ రజత విజేత. మిక్స్‌డ్ డబుల్స్‌లో దెచాపోల్, సప్‌సిరీ జోడీ 2021లో ప్రపంచ టైటిల్ గెలిచింది. వీళ్ల పక్కన పెడితే బూన్సాక్ అల్మారా చిన్నదే.

కానీ ఒక తేడా చూడాలి. రచనోక్, కున్లావుత్ ఇద్దరూ బాన్‌థోంగ్‌యోర్డ్ అనే క్లబ్ నుంచి వచ్చారు, ఇద్దరూ మూడేసి సార్లు ప్రపంచ జూనియర్ చాంపియన్లు. వాళ్లు పైకొచ్చే సమయానికి థాయ్‌లాండ్‌లో "మనవాళ్లూ గెలవగలరు" అన్న నమ్మకం ఉంది. కున్లావుత్ పుట్టింది 2001లో, అప్పటికి బూన్సాక్ ఒక ఒలింపిక్స్ ఆడేశాడు. కున్లావుత్ రాకెట్ పట్టే వయసులో థాయ్ పురుషుల సింగిల్స్‌లో పెద్ద కప్పు ఎత్తిన మనిషి ఎవరంటే అతనొక్కడే. అందుకే థాయ్ పురుషుల సింగిల్స్ చరిత్ర రాసేవాళ్లు అతన్ని దాటవేసి ముందుకు వెళ్లలేరు.

ఇప్పుడు అతని మ్యాచ్‌లు చూడాలంటే దేనితో మొదలుపెట్టాలి?

2012 సింగపూర్ ఫైనల్‌తో. రెండు గేములే, రెండూ దగ్గరగా సాగినవి, బూన్సాక్ చేతి నైపుణ్యం మొత్తం కనిపిస్తుంది. ఆ తర్వాత 2013 బ్యాంకాక్ ఫైనల్ చూడండి, శ్రీకాంత్ ఆ నైపుణ్యాన్ని ఎలా కట్టేశాడో తెలుస్తుంది. ఏథెన్స్ కాంస్య పోరు చూసేవాళ్లు మాత్రం పాత స్కోరింగ్ సంగతి ముందే గుర్తు పెట్టుకోవాలి, లేదంటే స్కోరు ఎందుకు కదలడం లేదో అర్థం కాక చిరాకొస్తుంది.

హైదరాబాద్ హాట్‌షాట్స్‌కు ఆడిన థాయ్ ఆటగాడు ఇతనేనా?

కాదు. 2013 ఇండియన్ బ్యాడ్మింటన్ లీగ్‌లో సైనా నెహ్వాల్‌తో పాటు హైదరాబాద్ జట్టులో ఉన్నది తనోంగ్సాక్, బూన్సాక్ కాదు. పేర్ల చివర ఒకేలా వినిపించడంతో చాలామంది ఇద్దరినీ కలిపేస్తారు. తనోంగ్సాక్ వయసులో చిన్నవాడు. 2016 డెన్మార్క్ ఓపెన్ గెలిచింది కూడా అతనే.